కంటెంట్ ఇన్‌స్పెక్టర్: తెలుగు ఫైలుని తెలుగు ఫైలుగానే చూసిన చిన్న లైబ్రరీ

మా బాబాయికి విజయవాడలో ఏలూరు రోడ్డుకి ఆనుకున్న సందులో డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్ళి శుభలేఖలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, ఊళ్ళ నుంచి వచ్చే కవుల పద్యాల పుస్తకాలు, ఇదీ పని. షాపు మూసేసినప్పుడు కంప్యూటర్లు, లేజర్ ప్రింటర్ అమ్మేశాడు గానీ డేటా మాత్రం పారెయ్యలేదు. సీడీల్లో ఉన్నదంతా ఓపిగ్గా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. పోయిన దసరాకి వెళ్ళినప్పుడు అది నా చేతిలో పెట్టి, "నువ్వు సాఫ్ట్‌వేర్ కదమ్మా, మాస్టారి పద్యాలు ఇందులో ఎక్కడో ఉన్నాయి. కాస్త వెతికి పెట్టు" అన్నాడు.

మాస్టారంటే బాబాయికి హైస్కూల్లో తెలుగు చెప్పినాయన. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా పంచరత్నాలు ఆయనే రాసేవారు. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, రెండు ఊళ్ళ పేర్లు ఛందస్సులో ఇమిడ్చి ఐదు పద్యాలు. అవి అచ్చేయించి పెళ్ళిలో పంచేవాళ్ళు. ఆయన పోయారు. చేతిరాత కాగితాలూ పోయాయి. ఏమైనా మిగిలి ఉంటే ఈ డిస్కులోనే మిగలాలి.

డిస్కులో పదకొండు వేల పైచిలుకు ఫైళ్ళున్నాయి. చాలావాటికి పేరు చివర ఎక్స్‌టెన్షన్ లేదు. ఉన్నవాటిని నమ్మడానికి లేదు. "కొత్త3", "ఫైనల్", "ఫైనల్ లాస్ట్", ఇలా ఉన్నాయి పేర్లు. కోరల్‌డ్రా ఫైళ్ళు, ఫొటోలు, పేజ్‌మేకర్ ఫైళ్ళు, వర్డ్ ఫైళ్ళు, నోట్‌ప్యాడ్ ఫైళ్ళు అన్నీ కలగాపులగం. వెతకడానికి ముందు ఒక పని చెయ్యాలి: వీటిలో అక్షరాలున్నవి ఏవి, లేనివి ఏవి? అంటే టెక్స్ట్ ఏది, బైనరీ ఏది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే కంటెంట్ ఇన్‌స్పెక్టర్ అనే లైబ్రరీ (మన ప్రోగ్రాముల్లో కలుపుకునే రెడీమేడ్ కోడ్) గురించే ఈ రివ్యూ.

నేను మొదట వాడింది ఇది కాదు, ఇంకో భాషలో ఉన్న ఇంకో లైబ్రరీ. పేరు ఎందుకులెండి. ఫైలు మొదటి ముక్క చదివి అందులో వింత బైట్లు ఎంత శాతం ఉన్నాయో లెక్కపెట్టడం దాని పద్ధతి. బైటు అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకె, ఏ ఫైలైనా లోపల ఇలాంటి అంకెల వరసే. వింత అంటే 127 దాటిన బైటు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలు అన్నీ 127 లోపే ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు వాళ్ళకి ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు మన "తెలుగు" అన్న మాటని యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతిలో, పెట్టి చూడండి:

224 176 164, 224 177 134, 224 176 178, 224 177 129, 224 176 151, 224 177 129.

కంటికి మూడక్షరాలు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ నెంబర్లిచ్చే ప్రమాణం) లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు. బైట్లలో పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలో 127 లోపల ఉన్నది ఒక్కటీ లేదు. శాతం లెక్కలో మన భాష పేరే నూటికి నూరు పాళ్ళు వింత. ఆ లైబ్రరీ శుభ్రమైన తెలుగు ఫైళ్ళని నాలుగు వందలకి పైగా బైనరీ గుట్టలో పడేసింది. నేను అనుమానం వచ్చి ఒకటి తెరిచి చూడబట్టి సరిపోయింది. లేకపోతే "బాబాయ్, ఏమీ లేవు" అని చెప్పి డిస్కు తిరిగిచ్చేసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఈ శాతం లెక్క ఇవాళ్టిది కాదు. పెర్ల్ భాషలో ఫైలు టెక్స్టా, బైనరీనా అని అడిగే పరీక్ష ఎప్పట్నుంచో ఉంది. మూడో వంతుకి మించి వింత బైట్లుంటే బైనరీ అంటుంది. ఇప్పటి పెర్ల్ అయితే ముందు ఆ ముక్క సరైన యూటీఎఫ్-8 అవునా అని చూస్తుంది. అయితే టెక్స్ట్ అనేస్తుంది, కాకపోతేనే శాతం దగ్గరికి వెళ్తుంది. ఆ మొదటి ప్రశ్న వదిలేసి శాతం ఒక్కటే పట్టుకుంటే తెలుగు, హిందీ, తమిళం అన్నీ చెత్త కిందే లెక్క. రాసినవాళ్ళకి దురుద్దేశం ఏమీ ఉండదు. తమ దగ్గరున్న ఫైళ్ళతో పరీక్షించుకుని ఉంటారు, ఆ ఫైళ్ళలో మన అక్షరం ఒక్కటీ ఉండి ఉండదు.

కంటెంట్ ఇన్‌స్పెక్టర్ నాకు బ్యాట్ ద్వారా తెలిసింది. టెర్మినల్లో ఫైళ్ళు చూడటానికి క్యాట్ కమాండ్ బదులు రోజూ బ్యాట్ వాడతాను. బైనరీ ఫైలు ఇస్తే తెర మీద పిచ్చి గుర్తులు కుమ్మరించకుండా, ఇది బైనరీ అని హెచ్చరించి ఆగిపోతుంది. ఆ రోజు చిరాకుతో బాబాయి ఫైళ్ళని దాంట్లో తెరిస్తే, ముందటి లైబ్రరీ తోసేసినవన్నీ చక్కగా తెలుగులో కనిపించాయి. మరి దీనికెలా తెలిసిందని లోపల చూస్తే దొరికింది ఈ లైబ్రరీ. రస్ట్ భాషలో రాసినది. రాసింది డేవిడ్ పీటర్. బ్యాట్ కూడా ఆయనదే, ఫైళ్ళు వెతికే ఎఫ్‌డీ, కమాండ్ల వేగం కొలిచే హైపర్‌ఫైన్ కూడా ఆయనవే. ఎమ్‌ఐటీ, అపాచీ లైసెన్సుల్లో ఏది కావాలంటే అది తీసుకుని ఉచితంగా వాడుకోవచ్చు.

వాడకం చాలా తేలిక. ఇన్‌స్పెక్ట్ అని ఒక్కటే ఫంక్షన్. ఫైలు మొదట్లోంచి కొన్ని బైట్లు చదివి దానికివ్వాలి. ఏడు జవాబుల్లో ఒకటి చెప్తుంది: బైనరీ, మామూలు యూటీఎఫ్-8, మొదట గుర్తు ఉన్న యూటీఎఫ్-8, యూటీఎఫ్-16లో రెండు రకాలు, యూటీఎఫ్-32లో రెండు రకాలు (అక్షరానికి మామూలుగా రెండేసి, నాలుగేసి బైట్లు వాడే పద్ధతులివి, ఏ బైటు ముందన్న దాన్ని బట్టి రెండేసి రకాలు). ఇంత వివరం అక్కర్లేదు, అవునా కాదా చాలంటే ఈజ్ బైనరీ, ఈజ్ టెక్స్ట్ ఉన్నాయి. ఫైలు తెరవడం, చదవడం మన పనే, అది నాకు నచ్చింది. నెట్‌వర్క్ నుంచి వచ్చిన ముక్కనీ, జిప్‌లోంచి తీసిన ముక్కనీ ఒకేలా ఇవ్వొచ్చు. మెమ్‌సీహెచ్ఆర్ అనే ఇంకో చిన్న లైబ్రరీ తప్ప దేని మీదా ఆధారపడదు, కాబట్టి ప్రాజెక్టు బరువెక్కదు.

లోపల జరిగేది మీకు మీరే చదువుకోవచ్చు, ఒక కప్పు టీ తాగేలోపు అయిపోతుంది. ముందు ఫైలు మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్, అంటే ఇది ఫలానా పద్ధతిలో రాసిన టెక్స్ట్ అని చెప్పే గుర్తు, ఉందా అని చూస్తుంది. 239 187 191 ఉంటే యూటీఎఫ్-8, 255 254 ఉంటే యూటీఎఫ్-16లో చిన్న బైటు ముందొచ్చే రకం, అలాగ. గుర్తు లేకపోతే మొదటి 1024 బైట్లలో సున్నా బైటు ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంది. ఉంటే బైనరీ. లేకపోతే ఫైలు పీడీఎఫ్ గుర్తుతో గానీ పీఎన్‌జీ గుర్తుతో గానీ మొదలైందా అని చూస్తుంది. అదీ కాకపోతే టెక్స్ట్. ఇంతే.

శాతాలు లేవు, వింత బైట్లు లేవు. 224 అయినా 65 అయినా దానికి సమానమే. సున్నా ఒక్కటే ప్రశ్న. ఎందుకంటే మామూలు టెక్స్ట్‌లో సున్నా బైటు రాదు, బైనరీ ఫైళ్ళలో మాత్రం దాదాపు ఎప్పుడూ వస్తుంది. నాకు ఇది నమ్మబుద్ధి కాక బాబాయి డిస్కులోవి తీసి బైట్లు చూశాను. జేపెగ్ ఫొటోలు తీస్తే 255 216 255 224, ఆ వెంటనే ఐదో బైటు సున్నా. పాత కోరల్‌డ్రా ఫైలు రిఫ్ అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది, తర్వాత నాలుగు బైట్లలో ఫైలు సైజు ఉంటుంది. సైజు 16 ఎంబీ లోపుంటే ఆ నాలుగో బైటు సున్నాయే. శుభలేఖ డిజైన్లు అంతకన్నా చిన్నవే కాబట్టి అన్నీ ఎనిమిదో బైటు దగ్గరే దొరికిపోయాయి. జిప్ అయితే ఆరో బైటు. 1024 దాకా వెళ్ళాల్సిన అవసరమే చాలావాటికి రాలేదు. పీడీఎఫ్‌ని పేరు పెట్టి ఎందుకు చూస్తుందంటే, అది పైకి టెక్స్ట్‌లా మొదలవుతుంది, మొదటి 1024లో సున్నా లేకుండా జారిపోవచ్చు.

సున్నా పద్ధతి ఈ లైబ్రరీ కనిపెట్టింది కాదు. కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ కూడా ఇదే చేస్తుంది, మొదటి 8000 బైట్లలో సున్నా ఉంటే బైనరీ అని తేడాలు చూపించడం మానేస్తుంది. కానీ గిట్ అక్కడ బైట్ ఆర్డర్ మార్క్‌ని లెక్కలోకి తీసుకోదు. ఈ లైబ్రరీ తీసుకుంటుంది. మనవాళ్ళకి ఆ తేడా ఎంత పెద్దదో చెప్తాను.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైపు చేసి సేవ్ కొడితే మామూలుగా ఆన్సీ అనే పాత పద్ధతి ఉండేది, అందులో తెలుగుకి చోటు లేదు. అలాగే వదిలేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోయేది. ఒకసారి దెబ్బతిన్నవాళ్ళు జాగ్రత్తగా యూనికోడ్ అని ఎంచుకునేవాళ్ళు. అక్కడ యూనికోడ్ అంటే యూటీఎఫ్-16, మొదట 255 254 గుర్తుతో. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది గానీ, అంతకు ముందు తెలుగుని కాపాడుకోవాలని జాగ్రత్త పడ్డవాళ్ళ ఫైళ్ళు చాలావరకు యూటీఎఫ్-16లో ఉన్నాయి. అంటే జాగ్రత్తపరుల ఫైళ్ళనే గిట్‌లాంటి టూల్స్ బైనరీ అని పక్కన పెడతాయి.

యూటీఎఫ్-16లో తెలుగు ఎలా ఉంటుందో నేను మొదటిసారి ఈ పనిలోనే బైటు బైటుగా చూశాను. త అంటే 36 12. ఎత్వం 70 12. ల 50 12. ప్రతి అక్షరానికీ వెనక ఒక 12. ఆస్కీ అనే పాత ఇంగ్లీషు అక్షరాల పట్టికలో 12 అంటే పేజీ మార్చమని ప్రింటర్‌కి చెప్పే సంకేతం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి ఆ బైటు తగిలితే కాగితం సర్రున బయటికి వస్తుంది. "తెలుగు" అన్న మాట మొత్తంలో సున్నా లేదు. మరి సున్నా ఎక్కడొస్తుంది? రెండు మాటల మధ్య ఖాళీ దగ్గర. ఖాళీ అంటే 32 0. తెలుగు అక్షరాలన్నీ తప్పించుకుని, ఖాళీ జాగా దగ్గర దొరికిపోతుంది ఫైలు. బైట్ ఆర్డర్ మార్క్ ఉంటే కంటెంట్ ఇన్‌స్పెక్టర్ ఆ సున్నా దాకా పోదు. మొదటి రెండు బైట్లు చూసి, ఇది యూటీఎఫ్-16 టెక్స్ట్ అని చెప్పేస్తుంది. గుర్తు లేని యూటీఎఫ్-16 ఫైలుని మాత్రం బైనరీ అంటుంది. నా దగ్గర అలాంటివి ఏడు దొరికాయి, వేరే ప్రోగ్రామ్ ఏదో ఎక్స్‌పోర్ట్ చేసినట్టున్నాయి.

ఇక లోపాలు. తన పద్ధతి తప్పవచ్చని లైబ్రరీ తన పరిచయంలోనే రాసుకుంది, నిజాయితీ ఉంది. పీజీఎమ్ అనే బొమ్మల ఫార్మాట్‌లో సున్నా బైట్లు లేకపోవచ్చని ఉదాహరణ కూడా ఇచ్చింది. అది చదివినప్పుడు, ఇవాళ్రేపు పీజీఎమ్ ఎవరు వాడతారులే అనుకున్నాను. తీరా నా సొంత స్కాన్లే అడ్డం తిరిగాయి. బాబాయి దగ్గరున్న అచ్చు కాగితాలు కొన్నిటిని లైనక్స్‌లో స్కాన్‌ఇమేజ్ కమాండ్‌తో స్కాన్ చేశాను. ఫలానా ఫార్మాట్ అని చెప్పకపోతే అది ఆ కుటుంబంలోని ఫార్మాట్‌లోనే రాస్తుంది. ఫైలు తెరిస్తే పీ5 అని, "సేన్ డేటా ఫాలోస్" అన్న ఒక ఇంగ్లీషు వాక్యం, తర్వాత వెడల్పు, ఎత్తు, 255. ఆ తర్వాత బొమ్మ మొదలవుతుంది. ఏ4 కాగితం పైభాగం అంతా తెల్ల మార్జిన్ కదా. తెలుపు అంటే 255, 254, 253. మొదటి 1024 బైట్లు మొత్తం తెల్ల మార్జిన్‌లోనే అయిపోతాయి, మొదటి అడ్డగీత కూడా పూర్తవదు. నల్ల చుక్క తగిలే దాకా సున్నా రాదు. అందుకని నా స్కాన్లు అన్నిటినీ యూటీఎఫ్-8 టెక్స్ట్ అంది.

దీనికంటే మనకి ముఖ్యమైన ఇబ్బంది ఇంకోటి ఉంది. డీటీపీ ప్రపంచంలో ఎక్కువ పని "అను" అనే పేరున్న ఫాంట్లలాంటి వాటిలో జరిగింది. అక్కడ ఫైల్లో ఉండేది తెలుగు అక్షరం కాదు, ఆ ఫాంట్‌లో ఫలానా గడిలో ఉన్న బొమ్మ నెంబరు. పేజ్‌మేకర్‌లోంచి బయటికి తీసిన టెక్స్ట్ ఫైలు మామూలుగా తెరిస్తే నెత్తిమీద చుక్కలున్న యూరప్ అక్షరాల్లా కనిపిస్తుంది. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఉన్న ఫైళ్ళూ అంతే, భారతీయ అక్షరాలు 161 నుంచి పైన ఉంటాయి. వీటిలో దేంట్లోనూ సున్నా లేదు. కాబట్టి లైబ్రరీ వీటిని టెక్స్ట్ అంటుంది, అది నూటికి నూరు పాళ్ళు నిజమే. కానీ దానికి పెట్టిన పేరు యూటీఎఫ్-8. అది మాత్రం నిజం కాదు. ఈ జవాబుకి అసలు అర్థం "బైనరీ అనడానికి నాకేమీ దొరకలేదు" అని. ఆ పేరుని నమ్మి నేరుగా డేటాబేస్‌లోకి ఎక్కిస్తే టెన్షన్ తప్పదు. పేరు "గుర్తు లేని టెక్స్ట్" అని పెట్టి ఉంటే బాగుండేది. నేను ఒక స్టార్ తగ్గిస్తున్నది దీనికే.

మందు తేలిక. లైబ్రరీ యూటీఎఫ్-8 అన్నప్పుడు అదే ముక్కని రస్ట్‌లో ముందే ఉన్న ఫ్రమ్ యూటీఎఫ్8కి ఇవ్వండి. అది బైటు బైటు సరిచూస్తుంది. ఇక్కడ తెలుగుకి ఒక మెలిక ఉంది, దాని దగ్గర నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. మన అక్షరాలు మూడేసి బైట్లు. 341 అక్షరాలకి 1023 బైట్లు. 1024 దగ్గర కోస్తే 342వ అక్షరంలో మొదటి 224 ఒక్కటి తెగి మిగులుతుంది. మధ్యలో ఖాళీలు, అంకెలు ఉంటే కోత ఇంకో చోట పడుతుంది గానీ, తెలుగు ఫైల్లో అక్షరం మధ్యలో పడటానికే అవకాశం ఎక్కువ. దాన్ని చూసి ఫ్రమ్ యూటీఎఫ్8 తప్పు అంటుంది. అప్పుడు ఆ ఎర్రర్‌ని ఎర్రర్ లెన్ అడగాలి. నన్ (ఏమీ లేదు) అని వస్తే అక్షరం చివర తెగిందంతే, ఫైలు మంచిదే. ఒక అంకె వస్తే నిజంగానే యూటీఎఫ్-8 కాదు, అది ఫాంట్ కన్వర్టర్‌కి పంపాల్సిన ఫైలు. కంటెంట్ ఇన్‌స్పెక్టర్ దేన్నీ డీకోడ్ చెయ్యదు కాబట్టి ఈ కోత సమస్య దానికి అసలు లేదు. పీజీఎమ్ స్కాన్లు కూడా ఈ రెండో పరీక్షలో పట్టుబడ్డాయి, 255 అనే బైటు యూటీఎఫ్-8లో ఎక్కడా రాకూడదు కదా.

ఈ రెండూ కలిపి పాతిక లైన్ల ప్రోగ్రామ్. డిస్కు మొత్తం నాలుగు గుట్టలైంది: బైనరీ, అసలైన యూటీఎఫ్-8, యూటీఎఫ్-16, పాత ఫాంట్లవి. పట్టిన టైమంతా డిస్కు చదవడానికే, లైబ్రరీకి పట్టింది లెక్కలోకి రాదు.

ఎవరు వాడాలి? పాత డేటాలో వెతికేవాళ్ళు, కోడ్ ఫైళ్ళ మీద నడిచే టూల్స్ రాసేవాళ్ళు, అప్‌లోడ్ అయిన ఫైలు తెర మీద చూపించవచ్చో లేదో తేల్చాల్సినవాళ్ళు. ఫైలు జేపెగ్గా, వర్డా అని రకం చెప్పాలంటే లైనక్స్‌లో ఫైల్ కమాండ్, దాని వెనకున్న లిబ్‌మ్యాజిక్ వాడుకోండి, ఆ పని ఇది చెయ్యదు. వెర్షన్ ఇంకా 0.2 అని ఉందే అని వెనకాడకండి. చెయ్యాల్సిన పని చిన్నది, అది పూర్తిగా చేస్తోంది. నా లెక్కలో ఐదుకి నాలుగు.

పద్యాలు యూటీఎఫ్-16 గుట్టలో దొరికాయి. "కొత్త3" అన్న ఫైలు. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. కింద ఐదు పద్యాలు, చివర మాస్టారి పేరు. ఆ రాత్రే బాబాయికి ఫోన్ చేసి చదివాను. రెండు పద్యాలు ఏమీ మాట్లాడకుండా విన్నాడు. మూడోదాంట్లో ఆపాడు.

"ఆగమ్మా. ఆ రెండో పాదం మళ్ళీ చదువు."

చదివాను.

"అక్కడ మామూలు ర ఉందా?"

"అవును బాబాయ్."

"బండి ఱ ఉండాలి తల్లీ. ర కి ఱ కి ప్రాస కుదరదని బెత్తం పట్టుకుని మరీ చెప్పేవారు మాస్టారు. ఆయన సరిగ్గానే రాసి ఉంటారు. టైపు చేసింది నేను. దిద్దు."

ఫైలుని యూటీఎఫ్-8లోకి మార్చి, ఆ చోట 224 176 176 తీసి 224 176 177 పెట్టాను.